ఎగిరేవన్నీ ఒకే గాటన

1982 జూలై 2న కాలిఫోర్నియాలోని సాన్ పెడ్రోలో లారీ వాల్టర్స్ అనే 33 ఏళ్ల ట్రక్కు డ్రైవరు, పెరట్లో వేసుకునే అల్యూమినియం కుర్చీకి హీలియం నింపిన వాతావరణ బెలూన్లు నలభైకి పైగా కట్టించుకుని అందులో కూర్చున్నాడు. బరువు కోసం నీళ్ల డబ్బాలు, దిగాలనిపించినప్పుడు బెలూన్లను ఒక్కొక్కటే పేల్చడానికి ఒక పెల్లెట్ తుపాకీ వెంట పెట్టుకున్నాడు. తక్కువ ఎత్తులో మెల్లగా తేలుతూ పోవచ్చన్నది అతని లెక్క. నేలకు కట్టి ఉంచిన తాడు తెగాక కుర్చీ సుమారు 16,000 అడుగుల దాకా లేచిపోయింది. ఆ దారిన పోతున్న విమానాల పైలట్లు ఆకాశంలో కుర్చీని చూశామని కంట్రోలు గదికి చెప్పవలసి వచ్చింది. కొన్ని బెలూన్లు పేల్చాక తుపాకీ చేజారి కిందపడింది. చివరకు లాంగ్ బీచ్‌లో కరెంటు తీగలకు బెలూన్ల తాళ్లు చుట్టుకుని కుర్చీ గాలిలో వేలాడింది. ఆ చుట్టుపక్కల ఇరవై నిమిషాలపాటు కరెంటు పోయింది. వాల్టర్స్‌కు ఏమీ కాలేదు.

అప్పుడు అమెరికా వైమానిక నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ అధికారి ఒకరు విలేకరులతో చెప్పిన మాట ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇతను చట్టంలో ఏదో ఒక భాగాన్ని ఉల్లంఘించాడని తెలుసు, అది ఏ భాగమో తేల్చుకోగానే కేసు పెడతాం, లైసెన్సు ఉంటే సస్పెండ్ చేసేవాళ్లం గాని ఇతనికి అసలు లైసెన్సే లేదు, అన్నది ఆ మాటల సారాంశం. చదివినవాళ్లందరూ నవ్వుతారు. నాకు మాత్రం ఆ అధికారి మీద జాలి కలిగింది. నేను 31 ఏళ్లు విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. తీగల మీద ఏదో పడింది, ఫీడరు ట్రిప్ అయింది అన్న ఫోను వచ్చాక, పడినదాన్ని రిజిస్టరులో ఏమని రాయాలో తెలియక కలం పట్టుకుని కూర్చున్న రాత్రులు నాకూ ఉన్నాయి. సంక్రాంతి నాలుగు రోజులూ మాకు కొమ్మలకన్నా, కాకులకన్నా గాలిపటాలే ఎక్కువ పని పెట్టేవి.

ఈ కుర్చీ కథలో అందరూ దాటేసే సంగతి ఒకటుంది. ఎఫ్‌ఏఏ మొదట 4,000 డాలర్ల జరిమానా వేసింది. ఎగరడానికి యోగ్యమైనదన్న ధ్రువపత్రం లేని విమానాన్ని నడిపాడన్నది ఒక ఆరోపణ. కంట్రోలు టవరుతో రేడియో సంబంధం లేకుండా విమానాశ్రయ పరిధిలోకి వచ్చాడన్నది మరొకటి. తరువాత మొదటి ఆరోపణను సంస్థే వదులుకుంది. జరిమానా 1,500 డాలర్లకు దిగింది. అంటే ‘ఇది ఏ రకం యంత్రం?’ అన్న ప్రశ్న నిలబడలేదు. ‘ఇది ఎక్కడికి వెళ్లింది, ఎవరి దారికి అడ్డం వచ్చింది?’ అన్న ప్రశ్న నిలబడింది. వింత వింత ఎగిరే యంత్రాలను ఏ గాటన కట్టాలన్న విషయంలో ప్రపంచంలోని నియంత్రణ సంస్థలన్నీ పడుతున్న అవస్థకు మూలం, రెండో ప్రశ్న అడగవలసిన చోట మొదటి ప్రశ్నతో మొదలుపెట్టడమేనని నా అభిప్రాయం.

మొదటి ప్రశ్న ఎంత జారుడుబండో చూడండి. 1919 నాటి పారిస్ ఒప్పందం, గాలి ప్రతిచర్య వల్ల వాతావరణంలో నిలదొక్కుకోగల యంత్రం ఏదైనా విమానమేనని నిర్వచించింది. ఆ రోజులకు అది చక్కని నిర్వచనమే. 1959లో హోవర్‌క్రాఫ్ట్ ఇంగ్లిష్ ఛానెల్ దాటింది. అది కూడా గాలి మీదే నిలుస్తుంది, కాకపోతే నీటిమట్టానికి జానెడు పైన. దాన్ని విమానమంటే పడవ నడిపేవాడికి పైలట్ లైసెన్సు అడగాలి. అందుకని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో 1967లో ఆ వాక్యానికి ఒక తోక తగిలించింది: భూమి ఉపరితలానికి తగిలి వచ్చే గాలి ప్రతిచర్య లెక్కలోకి రాదు. దాంతో హోవర్‌క్రాఫ్ట్ బయటికి పోయింది.

ఇక రాకెట్ బెల్టు సంగతి. 1961 ఏప్రిల్ 20న అమెరికాలో బెల్ కంపెనీ తరఫున హెరాల్డ్ గ్రాహం అనే యువకుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరిని చిమ్మే యంత్రాన్ని వీపుకు కట్టుకుని 13 సెకన్లు ఎగిరాడు. ఆ బెల్టు గాలిని ఆనుకుని నిలవదు. తాను చిమ్మిన ఆవిరి మీద నిలుస్తుంది, గాలే లేని చోటైనా పనిచేస్తుంది. కాబట్టి ఐకావో వాక్యాన్ని అక్షరాలా చదివితే రాకెట్ బెల్టు విమానం కాదు. అమెరికా చట్టం చదివితే అవుతుంది. ఎందుకంటే అక్కడి నిర్వచనం, గాలిలో ఎగరడానికి కనిపెట్టిన, తయారుచేసిన, వాడిన ఏ సాధనమైనా విమానమే అంటుంది. ఒకే మనిషి, ఒకే బెల్టు, ఒకే 13 సెకన్లు. ఒక పుస్తకం ప్రకారం విమానం నడిపాడు, మరో పుస్తకం ప్రకారం బహుశా పెద్ద గెంతు గెంతాడు.

మన దగ్గర? 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ యాక్ట్ పారిస్ ఒప్పందపు వాక్యాన్నే తీసుకుని, దాని చివర బెలూన్లు, ఎయిర్‌షిప్పులు, గాలిపటాలు, గ్లైడర్లు, ఎగిరే యంత్రాలు కూడా ఇందులోకి వస్తాయని చేర్చింది. గాలిపటాలు అన్న మాట చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మనిషిని పైకెత్తే పెద్ద గాలిపటాలను శామ్యూల్ కోడీ తయారుచేస్తే బ్రిటిష్ సైన్యం శత్రువుల కదలికలు చూడటానికి వాటిని తీసుకుంది. ఆ కాలపు చట్టాలు రాసినవారి మనసులో ఉన్నది అలాంటివే గాని, మా మనవడు మేడ మీద ఎగరేసే పది రూపాయల కాగితపు పటం కాదు. అయితే రాసినవారి మనసులో ఏముందో నిర్వచనంలో లేదు. చిన్నదనీ పెద్దదనీ, మనిషిని మోసేదనీ మోయనిదనీ అందులో తేడా లేదు. ఆ చట్టాన్ని తొలగించి దాని స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ తెచ్చారు. 2024 జూలై చివరలో ఆ బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టిన మంత్రి మన శ్రీకాకుళం సభ్యుడు కింజరాపు రామ్మోహన్ నాయుడు. 2025 జనవరి 1 నుంచి అది అమలులో ఉంది. గాలిపటాలు అందులోనూ నిక్షేపంగా ఉన్నాయి. తొంభై ఏళ్ల తరువాత ఇంటికి కొత్త సున్నం వేస్తూ గోడకున్న పాత మేకును మాత్రం ఎవరూ పీకలేదు.

దీన్ని తమాషాగా చెప్పుకుని వదిలేయవచ్చు. ప్రతి సంక్రాంతికీ పత్రికలు అదే చేస్తాయి. ఇందులో తమాషా కన్నా పెద్ద విషయం ఉందనుకుంటాను. అందరినీ పట్టే వల పరిచి, ఎవరినీ పట్టకుండా ఊరుకుంటే, పట్టుకోవాలనిపించిన రోజున ఎవరినైనా పట్టుకోవచ్చు. అమెరికావారు గాలిపటాల విషయంలో ఈ పని చేయలేదు: 5 పౌండ్లు, అంటే సుమారు రెండుంపావు కిలోల కన్నా బరువైన పటాలకు విడిగా నిబంధనలు పెట్టి, పిల్లల పటాల జోలికి దాదాపు పోలేదు.

వాల్టర్స్ ఎగిరిన మూడు నెలలకే, 1982 అక్టోబరు 4న, ఎఫ్‌ఏఏ వారి నిబంధనల్లో పార్ట్ 103 అనే భాగం అమలులోకి వచ్చింది. కుర్చీకీ దీనికీ సంబంధం లేదు. 1976లో జాన్ మూడీ అనే ఆయన ఆష్‌కాష్ వైమానిక సంబరంలో మనిషి వేలాడుతూ ఎగిరే హ్యాంగ్ గ్లైడరుకు చిన్న ఇంజను తగిలించి, కాళ్లతో పరుగెత్తి ఎగిరి చూపించినప్పటి నుంచి వేలమంది గ్యారేజీల్లో అలాంటివి కట్టుకుని ఎగరడం మొదలుపెట్టారు. వాటిని విమానాలంటే వాళ్లందరూ నేరస్థులవుతారు. కాదంటే ఎవరికీ బాధ్యత ఉండదు. ఎఫ్‌ఏఏ అప్పుడు చేసిన పని నాకు నచ్చుతుంది. వాటిని ‘అల్ట్రాలైట్ వాహనాలు’ అంది. విమానాలు అనలేదు, వాహనాలు అంది. ఆ ఒక్క మాటతో రిజిస్ట్రేషను, పైలట్ లైసెన్సు, వైద్య పరీక్ష, ఎగిరే యోగ్యతా పత్రం అన్నీ అక్కర్లేకుండా పోయాయి.

దానికి బదులుగా పెట్టిన షరతులు ఒక పేజీలో ఇమిడిపోతాయి. ఒక్కరే కూర్చోవాలి. సరదాకో ఆటకో తప్ప డబ్బుకోసం ఎగరకూడదు. ఇంజను ఉంటే ఖాళీ బరువు 254 పౌండ్ల (115 కిలోల) లోపు, ఇంజను లేకపోతే 155 పౌండ్ల (70 కిలోల) లోపు ఉండాలి. ఇంధనం 5 గ్యాలన్లు (19 లీటర్లు) మించకూడదు. పూర్తి శక్తితో నడిపినా వేగం 55 నాట్లు (గంటకు 102 కిలోమీటర్లు) దాటకూడదు. ఇంజను ఆపినప్పుడు రెక్క గాలిలో పట్టు తప్పే స్టాల్ వేగం 24 నాట్లు (44 కిలోమీటర్లు) దాటకూడదు. పగలే ఎగరాలి. జనం గుమిగూడిన చోట, ఊళ్ల ఇళ్ల మీద ఎగరకూడదు. విమానాశ్రయాల చుట్టూ ఉండే నియంత్రిత గగనతలంలోకి అనుమతి లేకుండా పోకూడదు.

ఈ అంకెల వెనుక ఉన్న ఆలోచన తెలియాలంటే చిన్న లెక్క వేయాలి. 115 కిలోల యంత్రంలో 80 కిలోల మనిషి కూర్చుని 44 కిలోమీటర్ల వేగంతో నేలను తాకితే ఆ తాకిడిలో ఉండే శక్తి సుమారు 15 కిలోజౌళ్లు. మనిషితో కలిపి 225 కిలోల మోటారు సైకిలు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దానిలో ఉండేది సుమారు 31 కిలోజౌళ్లు. అల్ట్రాలైటు తన గరిష్ఠ వేగంతో పోతున్నప్పుడు కూడా, 60 మీద పోతున్న వెయ్యి కిలోల చిన్న కారుకున్న శక్తిలో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే ఉంటుంది. అంటే ఆ యంత్రం పడితే ఎక్కువగా దెబ్బ తినేది అందులో ఉన్నవాడే. తన ప్రాణం మీదికి తాను తెచ్చుకునే పెద్దమనిషి విషయంలో ప్రభుత్వం అడ్డం పడదు. పక్కవాడి ప్రాణం మీదికి రాకుండా మాత్రం చూస్తుంది. బరువు, వేగం, ఇంధనం ఆ రెండో విషయానికి కొలబద్దలు మాత్రమే.

మా శాఖలో ఇది మాకు కొత్త సంగతి కాదు. పాత 1956 విద్యుత్ నిబంధనల్లో తీగను వర్గీకరించేటప్పుడు అది రాగిదా అల్యూమినియందా, పంపుసెట్టుకా సినిమా హాలుకా అని అడగరు. 250 వోల్టుల లోపా, 650 లోపా, 33,000 లోపా, ఆ పైనా అని మాత్రమే అడుగుతారు. దాన్ని బట్టే వీధి దాటేటప్పుడు తీగ ఎంత ఎత్తున ఉండాలో తేలుతుంది. తగిలిన మనిషికి ఏమవుతుందన్నదే అక్కడ కొలత.

మూడేళ్ల కిందట టెక్సస్‌లో ఆస్టిన్ శివార్లలో ఉన్న మా తమ్ముడింటికి వెళ్లినప్పుడు ఈ పార్ట్ 103ను దగ్గర నుంచి చూసే అవకాశం దొరికింది. తమ్ముడి పొరుగాయనకు అరవై దాటి ఉంటాయి. ఆదివారం తెల్లవారకముందే మమ్మల్ని పికప్ ట్రక్కులో ఎక్కించుకుని ఊరికి దూరంగా ఒక గడ్డి మైదానానికి తీసుకుపోయాడు. వెనక నుంచి దించిన సామాను చూసి నాకు కొంత నిరాశ కలిగింది: బస్తా అంత సంచిలో మడిచిన గుడ్డ రెక్క, ఫ్యాను చుట్టూ ఉండే పంజరం లాంటి చట్రం, దాని మధ్య ప్రొపెల్లరు, చిన్న టూ స్ట్రోక్ ఇంజను. పారామోటార్ అంటే ఇంతే. ప్లాస్టిక్ డబ్బాలో పెట్రోలు పోసి, కొలగిన్నెతో ఆయిలు కొలిచి కలిపి ఊపాడు. ఆ వాసనకు నాకు నా పాత స్కూటరు గుర్తొచ్చింది. ఇంజను చట్రాన్ని ఎత్తి చూడమన్నాడు. బియ్యం బస్తా ఎత్తినవాడికి అదొక బరువు కాదు.

“అన్నయ్యా, ఈయనకు లైసెన్సు లేదు, దీనికి నెంబరూ లేదు. ఎవరి పర్మిషనూ తీసుకోనక్కర్లేదట,” అన్నాడు తమ్ముడు.

మరి తీసుకోవలసింది ఏమీ లేదా అని అడిగించాను. ఆయన ఫోను తీసి గగనతల పటం చూపించాడు. విమానాశ్రయం చుట్టూ నీలి వలయాలు, మేము నిలబడ్డ చోట వలయం లేదు. వలయం అంచు ఎన్ని మైళ్లలో ఉందో, ఏ ఎత్తు నుంచి మొదలవుతుందో, గాలి అటు తోస్తే తాను ఎక్కడ వెనక్కి తిరగాలో వేలితో గీసి చెప్పాడు. తరువాత గుప్పెడు గడ్డి పీకి గాలిలో వదిలి, అది ఎటు పడుతుందో చూశాడు. సూర్యుడి అంచు కనిపించేదాకా ఇంజను తీగ లాగలేదు. యంత్రం గురించి ఆయన నాకు ఒక్క కాగితమూ చూపించలేదు. ఆకాశం గురించి మాత్రం పావుగంట చెప్పాడు. వర్గీకరణ సరిగా ఉంటే మనుషులకు ఏ విషయం మీద దృష్టి నిలుస్తుందో నాకు ఆ ఉదయం అర్థమైంది.

అలాగని పార్ట్ 103 దేవుడిచ్చిన శాసనం కాదు. దానిలోని అంకెలు పెట్రోలు ఇంజను కాలంలో పుట్టినవి. ఖాళీ బరువులో ఇంధనం లెక్కకు రాదు. కాబట్టి పెట్రోలు యంత్రానికి 115 కిలోల మీద మరో 14 కిలోల పెట్రోలు ఉచితంగా దొరుకుతుంది. విద్యుత్ యంత్రంలో బ్యాటరీ ఇంధనం కాదు, యంత్రంలో భాగం. దాని బరువంతా 115 కిలోల్లోనే ఇమడాలి. పైగా కిలోకు కిలో చూస్తే పెట్రోలులో దాగిన శక్తితో బ్యాటరీ ఏనాడూ తూగదు. ఇంజను సగానికి పైగా వేడిగా వృథా చేసినా ఇంకా పెట్రోలుదే పైచేయి. 5 గ్యాలన్ల షరతు బ్యాటరీ ముందు అర్థం లేని మాటైపోయింది. కాలిఫోర్నియాలో తయారయ్యే పివోటల్ హెలిక్స్ అనే ఒంటి సీటు విద్యుత్ యంత్రం బరువు 348 పౌండ్లు. అయినా అది పార్ట్ 103 కిందికే వస్తుంది; ఎందుకంటే నీటి మీద దిగడానికి అమర్చే ఫ్లోట్లకూ, ప్రమాదంలో విచ్చుకునే పారాచూట్‌కూ ఆ నిబంధనలో మినహాయింపులున్నాయి. లైసెన్సు లేకుండా ఎగరగల ఆ యంత్రం ధర 2024లో 1,90,000 డాలర్లతో మొదలైంది. గ్యారేజీలో గొట్టాలు అతుక్కునేవాడి కోసం తెరిచిన కిటికీలోంచి ఇప్పుడు కోటీశ్వరులు దూరుతున్నారని ఒకరంటే నేను కాదనలేను.

అంతకన్నా చిక్కు స్టాల్ వేగం. లిఫ్ట్ కంపెనీ వారి హెక్సా అనే యంత్రానికి 18 ప్రొపెల్లర్లున్నాయి గాని రెక్క లేదు. రెక్కే లేనిదానికి రెక్క పట్టు తప్పే వేగమేమిటి? మోటార్లన్నీ ఒకేసారి ఆగితే అది 24 నాట్లతో మెల్లగా దిగదు, పారాచూట్ విచ్చుకోకపోతే రాయిలా పడుతుంది. అయినా షరతులోని అక్షరం దాన్ని ఆపదు. 1982లో ఆ అంకె రాసినవారు అడిగిన ప్రశ్న ‘ఎంత గట్టిగా పడుతుంది?’ అన్నది. ప్రశ్న ఇప్పటికీ సరైనదే, దానికి వాళ్లు వాడిన కొలత మాత్రం ఈ యంత్రాలకు అందడం లేదు.

బరువు గీత గీసినప్పుడు గీత మీద ఒంటికాలితో నిలబడేవారు కొందరైతే, గీత దాటి నిలబడి దాటలేదనేవారు మరికొందరు. శిక్షణ కోసమని రెండు సీట్ల అల్ట్రాలైట్లకు ఎఫ్‌ఏఏ ఇచ్చిన మినహాయింపును ఆసరా చేసుకుని, బరువైన యంత్రాలు వేల సంఖ్యలో అల్ట్రాలైట్ల పేరుతో తిరిగాయి. వాళ్లు వాటిని ‘లావు అల్ట్రాలైట్లు’ అని పిలుచుకునేవారు. 2004లో నడిపేవారికి స్పోర్ట్ పైలట్, యంత్రాలకు లైట్ స్పోర్ట్ అన్న కొత్త తరగతులు పెట్టి, 2008 జనవరి 31 నాటికి వాటన్నిటినీ రిజిస్టరు చేయించుకోమన్నారు. ఆ కొత్త తరగతికీ మళ్లీ 1,320 పౌండ్ల బరువు గీతే గీశారు. 2025 జూలైలో ప్రకటించిన మోజాయిక్ అనే సవరణలో ఆ గీతను చెరిపేసి, స్టాల్ వేగాన్ని ప్రధాన కొలతగా తీసుకున్నారు. బరువు ఎంతన్నది వదిలి, ఎంత వేగంతో నేలకు దిగుతుందన్నదానికి వచ్చారు. ఇరవై ఏళ్లు పట్టినా దారి సరైనదే.

ఐరోపాలో తీరు వేరు. ఇంధనంతో సహా ఖాళీ బరువు 70 కిలోలు దాటని, మనిషి ఎక్కి ఎగిరే యంత్రాలను, మైక్రోలైట్లు అనే చిన్న తేలికపాటి విమానాలను ఐరోపా సమాఖ్య తన చట్టం నుంచి బయట పెట్టి, ఏ దేశం తంటా ఆ దేశానికి వదిలేసింది. ఫ్రాన్స్ వాటిని ఆరు తరగతులు చేసింది. పారామోటార్ మొదటిది, చిట్టి హెలికాప్టరు ఆరవది. బ్రిటన్ ఒంటి సీటు మైక్రోలైట్లకు యోగ్యతా పత్రాల బెడద తీసేసింది, పైలట్ లైసెన్సు మాత్రం ఉంచింది. ఇంత వివరంగా గళ్లు గీసుకున్న ఫ్రాన్స్‌లోనే ఫ్రాంకీ జపాటా 2019 ఆగస్టు 4న నిలబడి నడిపే జెట్ పీట మీద 22 నిమిషాల్లో ఛానెల్ దాటాడు. ఆ పీటకు రెక్క లేదు, సీటు లేదు, చక్రం లేదు. ఆరు గళ్లలో దేనిలోనూ సుఖంగా కూర్చోదు. అసలది కూర్చునేది కాదు కూడా.

ఇక మన దేశంలో ఒక్క మనిషి ఎగరాలంటే ఎన్ని వర్గీకరణలు ఎదురవుతాయో చూస్తే నాకు మా పాత ఆఫీసు బీరువా గుర్తొస్తుంది. చట్టం గాలిపటంతో సహా అన్నిటినీ ఒకే గాటన కడుతుంది. మైక్రోలైట్ అయితే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర రిజిస్ట్రేషను, నడిపేవాడికి లైసెన్సు కావాలి. 2022లో కేంద్రం విడుదల చేసిన జాతీయ వైమానిక క్రీడల విధానం అవే యంత్రాలను ఆటలను బట్టి విడదీసింది: పారామోటార్ ఒక ఆట, బెలూను ఒక ఆట, రెక్కల్లా పరుచుకునే వింగ్‌సూట్ వేసుకుని దూకడం పారాచూటు ఆటలో భాగం. గణతంత్ర దినోత్సవం ముందు ఢిల్లీ పోలీసు కమిషనరు ఇచ్చే నిషేధపు ఉత్తర్వులో మూడో వర్గీకరణ కనిపిస్తుంది. అందులో పారాగ్లైడర్లు, పారామోటార్లు, హ్యాంగ్ గ్లైడర్లు, డ్రోన్లు, మైక్రోలైట్లు, వేడిగాలి బెలూన్లు అన్నీ ‘సబ్ కన్వెన్షనల్ ఏరియల్ ప్లాట్‌ఫామ్‌లు’. తెలుగులో అనాలంటే ‘మామూలువి కాని ఎగిరే వస్తువులు’. నాకు ఆ పేరులో ఒక నిజాయితీ కనిపిస్తుంది: ఏమిటో మాకు తెలియదు, అందుకే భయం, అని అది ఒప్పుకుంటోంది. పోలీసులను తప్పుపట్టలేను, రాజధానిలో ఆ భయానికి కారణాలున్నాయి. అయితే చట్టం తన పని తాను చేయకపోతే ఆ పని భయం చేతికి పోతుందన్నది మాత్రం గమనించాలి.

విచిత్రమేమిటంటే మనకు సరైన పద్ధతి తెలియక కాదు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు చదవండి. 250 గ్రాముల లోపు నానో, 2 కిలోల దాకా మైక్రో, 25 దాకా చిన్నవి, 150 దాకా మధ్యరకం, ఆ పైన పెద్దవి అని బరువును బట్టి మెట్లు కట్టారు. వాటికన్నా మంచి పని, దేశం పటం మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ప్రాంతాలు గుర్తించి అందరికీ కనిపించేలా పెట్టడం. ఆకుపచ్చ ప్రాంతంలో 400 అడుగుల దాకా ఎగరేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. డ్రోనుకు నెంబరు, నడిపేవాడికి సర్టిఫికెట్ వంటి షరతులు ఉంటే ఉన్నాయి. ఎక్కడ ఎగరవచ్చన్న ప్రశ్నకు మాత్రం ఫోనులో జవాబు దొరుకుతుంది. ఆస్టిన్ పెద్దాయన నాకు చూపించింది కూడా అలాంటి పటమే. మనిషి లేని యంత్రానికి ఇచ్చిన పటాన్ని మనిషి ఉన్న ఒంటి సీటు యంత్రానికి ఇవ్వకపోవడానికి నాకు కారణం తోచదు. ఒక్కరు, సరదాకు, పగలు, ఆకుపచ్చ ప్రాంతంలో, నిర్ణీతమైన తాకిడి శక్తికి లోబడిన యంత్రం మీద ఎగిరితే అది విమానం కాదు, వాహనం అని ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. డబ్బు తీసుకుని పర్యాటకుణ్ణి ఎక్కించుకున్న క్షణాన అది ఆ తరగతి నుంచి బయటికి రావాలి. అక్కడ ప్రాణం పెట్టేవాడు ప్రమాదం ఎంతో తెలిసినవాడు కాదు కనుక కట్టుదిట్టం ఇప్పటికన్నా ఎక్కువే ఉండాలి.

ఈ మాట అన్నప్పుడు మా అల్లుడు వేసిన ప్రశ్న తేలికగా కొట్టిపారేయదగింది కాదు. “అదంతా టెక్సస్‌లో చెల్లుతుంది మామయ్యా. మన దగ్గర జనం లేని చోటేది?” అన్నాడు. నిజమే. జనసమ్మర్ద ప్రాంతం మీద ఎగరకూడదన్నారే గాని, సమ్మర్దం అంటే ఎందరో ఎఫ్‌ఏఏ అంకెల్లో చెప్పలేదు. ఏ సందర్భానికి ఆ సందర్భం చూసి తేలుస్తుంది. మైళ్ల కొద్దీ గడ్డి ఉన్న చోట ఆ అస్పష్టత వల్ల నష్టం లేదు. కృష్ణా డెల్టాలో ఊరికీ ఊరికీ మధ్య రెండు కిలోమీటర్లు ఉంటే గొప్ప. ఆ రెండు కిలోమీటర్లలోనూ నాట్లప్పుడు, కోతలప్పుడు పొలం నిండా కూలీలే ఉంటారు. కాబట్టి అమెరికా షరతులను ఎత్తి ఇక్కడ నాటితే మొలవవు. తాకిడి శక్తి గీతను వాళ్లకన్నా కింద గీయాలి. గుడ్డ రెక్క ఉన్నవాటితో మొదలుపెట్టాలి. సమ్మర్దం అంటే ఇంతని అంకె చెప్పాలి. రాయలసీమ మెట్ట భూముల్లో చెల్లే అనుమతి కోనసీమలో చెల్లనక్కర్లేదు, పటం ఉన్నది అందుకే.

వాల్టర్స్‌ను చివరకు పట్టుకున్నది ఎఫ్‌ఏఏ కాదు, కరెంటు తీగ. అందుకే ఆ నిబంధన ఎవరైనా రాస్తే గగనతల వలయాలతోపాటు మా లైన్లు కూడా ఆ పటంలోకి రావాలని అడుగుతాను. మొన్న కనుమ నాడు తెనాలి దగ్గర మా ఊరికి వెళ్లినప్పుడు, ఆస్టిన్ పెద్దాయన తన రెక్క తీసుకుని వస్తే ఎక్కడి నుంచి లేపుతాడా అని మా పొలం గట్టు మీద నిలబడి చూశాను. తూర్పున 33 కేవీ లైను. దక్షిణాన కాలవ గట్టు, దాని మీద రోడ్డు. ఉత్తరాన ఊరు, మేడల మీద పిల్లలు, పటాలు. పడమర ఒక్కటే తెరిపిగా కనిపించింది గాని, కళ్లద్దాలు సర్దుకుని చూస్తే అక్కడ కూడా పంపుసెట్లకు పోయే 11 కేవీ స్తంభాల వరుస ఉంది. దాన్ని 1991లో నేనే దగ్గరుండి వేయించాను.